పాత రాక్ ఆల్బమ్‌ల కవర్లు, రీమాస్టర్లు, రీమిక్స్‌లు: ఏది వినాలి, ఏది కొనాలి?

మీరు అడిగినవి రెండు. జిమీ హెండ్రిక్స్ వాయించిన ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ ఎంత బాగున్నా అది కవరే (ఒకరి పాటను మరొకరు మళ్లీ పాడడం) కదా, బాబ్ డిలాన్ అసలు పాటకు సాటి ఎలా వస్తుందని మీ స్నేహితుడి వాదన. అది సరైనదేనా అన్నది మొదటి ప్రశ్న. బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’, డీప్ పర్పుల్ ‘మెషీన్ హెడ్’ సీడీలు కొందామంటే ఒక్కోదానికి నాలుగైదు ఎడిషన్లు కనిపిస్తున్నాయి, ఉన్న డబ్బుకు ఒక్కొక్కటే వస్తుంది, ఏది తీసుకోవాలి అన్నది రెండోది. మీరు వీటిని విడివిడిగా రాశారు. చాలా ఏళ్లుగా రికార్డులు పోగేస్తున్న నాకు మాత్రం రెండూ ఒకే ప్రశ్నగా కనిపిస్తాయి. పాత పాట మీద కొత్త చెయ్యి పడింది. ఆ చెయ్యి ఏం చేసింది?

ముందు వాచ్‌టవర్ సంగతి. డిలాన్ ఆ పాటను 1967 డిసెంబరులో వచ్చిన ‘జాన్ వెస్లీ హార్డింగ్’ ఆల్బమ్‌లో పాడాడు. అకౌస్టిక్ గిటార్, మౌతార్గాన్, బేస్, డ్రమ్స్, అంతే. రెండున్నర నిమిషాల్లో ముగుస్తుంది. చివరి చరణంలో దూరంగా ఇద్దరు రౌతులు వస్తుంటారు, గాలి హోరు మొదలవుతుంది. ఏదో జరగబోతోందనగానే పాట ఆగిపోతుంది. హెండ్రిక్స్ నెల తిరగకుండానే, 1968 జనవరిలో, లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో దాన్ని మొదలుపెట్టాడు. పన్నెండు తీగల గిటార్ డేవ్ మేసన్ వాయించాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో హెండ్రిక్స్ టేపు మీద పొరలు పొరలుగా గిటార్లు చేర్చుకుంటూ పోయాడు. మాటలు అవే. కానీ డిలాన్ చెప్పకుండా వదిలేసిన తుపాను అతని గిటార్‌లో వచ్చేసింది. డిలాన్ ఊరించి ఆపాడు, హెండ్రిక్స్ జరిపించాడు. అమెరికాలో టాప్ 40లోకి వెళ్లిన హెండ్రిక్స్ సింగిల్ ఇదొక్కటే, 20వ స్థానం దాకా వెళ్లింది. మీ స్నేహితుడికి చూపించడానికి సాక్ష్యం కావాలంటే డిలానే ఉన్నాడు. హెండ్రిక్స్ పోయాక తాను ఆ పాటను అతని పద్ధతిలోనే పాడుతున్నానని 1985లో వచ్చిన తన పాటల సంకలనం ‘బయోగ్రాఫ్’ సెట్ నోట్స్‌లో చెప్పుకున్నాడు. రాసినవాడే ఒప్పుకున్నాక మనం అసలు, నకలు అని తగవు పెట్టుకోవడం దేనికి?

నిజానికి ఈ తగవు రాక్ సంగీతానికి కొంచెం ఆలస్యంగా వచ్చింది. బీటిల్స్ మొదటి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ 1963లో వచ్చింది. అందులో 14 పాటలుంటే 6 ఇతరులవే. జాన్ లెనన్ జలుబుతో బొంగురుపోయిన గొంతుతో, రోజంతా సాగిన రికార్డింగ్ చివర అరిచి పాడిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ కూడా అంతకుముందు ఐస్లీ బ్రదర్స్ పాడినదే. అప్పట్లో అది ఎవరికీ తక్కువగా అనిపించలేదు. బ్యాండ్ అంటే సొంత పాటలు రాసుకోవాలి అన్న పట్టుదల ఆ తర్వాత, అందులోనూ ఎక్కువగా బీటిల్స్, డిలాన్ వల్లనే, వచ్చింది. మన కచేరీలో త్యాగరాజ కీర్తన అందుకున్న విద్వాంసుణ్ణి ‘ఇది మీరు కట్టింది కాదు కదా’ అని ఎవరూ నిలదీయరు, సంగతులు ఎలా వేశాడో చూస్తారు. కవర్‌ను కూడా నేను అలాగే వింటాను.

అలా విన్నప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ జో కాకర్. ‘సార్జంట్ పెప్పర్’లో రింగో స్టార్ పాడిన ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ నాలుగు దెబ్బల తాళంలో చులాగ్గా సాగే పాట. స్నేహితులు ప్రశ్నలు వేస్తారు, రింగో అమాయకంగా జవాబులు చెబుతాడు. 1968లో కాకర్ దాన్ని తీసుకుని తాళమే మార్చేశాడు. మూడేసి దెబ్బలుగా ఊగే నెమ్మది నడకలోకి దించాడు, ముందు చర్చిలో వినిపించేలాంటి ఆర్గాన్ పెట్టాడు, వెనక స్త్రీల గొంతులు చేర్చాడు. గిటార్ వాయించింది అప్పటికి ఇంకా లెడ్ జెప్పెలిన్‌తో పేరు తెచ్చుకోని జిమీ పేజ్. రింగో పాటలో సరదాగా వినిపించిన ప్రశ్నలు కాకర్ గొంతులో ప్రాణం మీదికి వచ్చినవాడి కేకలయ్యాయి. మరుసటి ఏడాది వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద పాడాక ఆ పాట సగం అతనిదైపోయింది.

ఓటిస్ రెడింగ్ కథ ఇంకోరకం. రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’లో మనందరికీ తెలిసిన ఆ బరబరలాడే గిటార్ పలుకును కీత్ రిచర్డ్స్ నిజానికి ట్రంపెట్లు, శాక్సోఫోన్ల కోసం ఊహించుకున్నాడు. గిటార్‌తో వాయించింది గుర్తు కోసం గీసుకున్న చిత్తు మాత్రమే. ఆ చిత్తే సింగిల్‌గా బయటికి వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. అదే 1965లో ఓటిస్ తన ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్‌లో ఆ పాట పాడినప్పుడు ఆ పలుకును ఊదే వాద్యాలకే ఇచ్చాడు. అంటే పాట కట్టినవాడి ఊహకు కవరే దగ్గరగా వచ్చింది. ఏది అసలు అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం ఉందా?

ఇక కవర్ అని చెప్పకుండా చేసిన కవర్లు. ఇక్కడ నేను అంత ఉదారంగా ఉండలేను. లెడ్ జెప్పెలిన్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ మాట చెప్పాలి. 1969లో వచ్చిన ‘హోల్ లాటా లవ్’లోని మాటలు చాలావరకు విల్లీ డిక్సన్ రాయగా మడీ వాటర్స్ పాడిన ‘యూ నీడ్ లవ్’ నుంచి వచ్చినవి. 1985లో డిక్సన్ దావా వేశాడు, కోర్టు బయట రాజీ కుదిరింది, తర్వాతి ఎడిషన్లలో అతని పేరు చేరింది. ‘బేబ్ అయామ్ గోనా లీవ్ యూ’ మొదటి ముద్రణలో సంప్రదాయ గీతం అని వేశారు. దాన్ని రాసిన యాన్ బ్రెడన్ పేరు 1990ల నుంచే కనిపిస్తుంది. ‘డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్’ కింద జేక్ హోమ్స్ ప్రస్తావన 2012లో వచ్చిన ‘సెలబ్రేషన్ డే’ కచేరీ ఆల్బమ్‌లో గానీ రాలేదు. అందుకే కొత్త ఎడిషన్ చేతికి వస్తే నేను ముందు వెనక అట్ట మీది చిన్న అక్షరాలు చదువుతాను. రీఇష్యూ, అంటే పాత ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేయడం, చేసే మేలుల్లో ఇదొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

చట్టం గురించి కూడా ఒక ముక్క. అమెరికాలో ఒకసారి రికార్డుగా విడుదలైన పాటను ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి మళ్లీ పాడి విడుదల చేసుకోవచ్చు, రచయిత ఒప్పుకోవాల్సిన పని లేదు. కాకపోతే పాట మౌలిక రూపాన్ని మార్చకూడదు. మన దేశంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఎడిషన్ల గందరగోళం తేలాలంటే రికార్డింగ్ ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. స్టూడియోలో గొంతు, గిటార్, బేస్, డ్రమ్స్ ఒకే టేపు మీద వేర్వేరు ట్రాకుల్లో ఎక్కుతాయి. 1967లో లండన్‌లో నాలుగు ట్రాకులు, డెబ్బైల మొదట్లో పదహారు. ఆ మల్టీట్రాక్ టేపులో దేని శబ్దం ఎంత ఉండాలి, ఎడమకా కుడికా, ప్రతిధ్వని ఎంత అన్నవి తేల్చి రెండు ట్రాకుల టేపుగా దించడం మిక్సింగ్. ఆ రెండు ట్రాకుల టేపును ఎల్పీకో సీడీకో సరిపడేలా చివరి మెరుగు దిద్దడం మాస్టరింగ్. అట్ట మీద ‘రీమాస్టర్’ అని ఉంటే మిక్స్ పాతదే, చివరి మెరుగు మాత్రమే కొత్తది. ‘రీమిక్స్’ అని ఉంటే మల్టీట్రాక్ మళ్లీ తెరిచి, ప్రతి నిర్ణయం కొత్తగా తీసుకున్నారని అర్థం. దుకాణాల్లోనే కాదు, సమీక్షల్లో కూడా ఈ రెండింటినీ కలిపేసి రాస్తుంటారు. నా మటుకు రీమాస్టర్ అంటే ప్రతి మాత్రమే. రీమిక్స్ అంటే ఇంజినీరు పాడిన కవర్. హెండ్రిక్స్‌ను ఎలా తూచామో దాన్నీ అలాగే తూచాలి.

రీమాస్టర్లతో ఉన్న పెద్ద చిక్కు హోరు. సీడీలో శబ్దానికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది, దాన్ని దాటలేరు. దాటకుండానే పెద్దగా వినిపించాలంటే నెమ్మదిగా ఉన్న భాగాలను పైకి లేపి, డ్రమ్ దెబ్బల శిఖరాలను నరకాలి. తొంభైల మధ్య నుంచి రెండు వేల పది దాకా చాలా రీమాస్టర్ల మీద ఈ పని చేశారు. వినగానే ‘అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది’ అనిపిస్తుంది, మూడో పాటకు తల దిమ్మెక్కుతుంది. రెండు ఎడిషన్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేసి వినండి. మన చెవి కొంచెం పెద్దగా వినిపించేదాన్నే మెరుగైనదనుకుంటుంది, సగం అమ్మకాలు ఆ మోసం మీదే నడిచాయి. స్ట్రీమింగ్ సేవలు ఇప్పుడు పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి సర్దేస్తున్నాయి కాబట్టి హోరు వల్ల వచ్చే లాభం పోయింది, నరికిన శిఖరాలు మాత్రం తిరిగి రాలేదు.

దీనికి పరాకాష్ఠ ఇగ్గీ పాప్, స్టూజెస్‌ల ‘రా పవర్’. 1973లో డేవిడ్ బోవీ చేసిన మిక్స్ పల్చగా, విచిత్రంగా ఉందని ఏళ్ల తరబడి ఫిర్యాదులు. 1997లో ఇగ్గీ తానే కూర్చుని మళ్లీ మిక్స్ చేశాడు. సూచికలన్నీ ఎర్ర గీత దాటేలా పెట్టాడు, ఇప్పటికీ అత్యంత హోరైన సీడీల పట్టికలో దాని పేరు ఉంటుంది. తమాషా ఏమిటంటే, అది వచ్చాక అభిమానులకు బోవీ మిక్స్ మీద బెంగ పుట్టింది, 2010లో దాన్నే మళ్లీ విడుదల చేశారు. నా ఓటు బోవీకే. ఆ పల్చదనంలో ఒక భయం ఉంది, ఇగ్గీ మిక్స్‌లో బలం ఉంది గానీ ఆ భయం లేదు.

ఇంతకన్నా దారుణం ఓజీ ఆజ్‌బార్న్ మొదటి రెండు సోలో ఆల్బమ్‌ల విషయంలో జరిగింది. ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’, ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్’లలో బేస్ వాయించిన బాబ్ డెయిస్లీ, డ్రమ్స్ వాయించిన లీ కెర్స్‌లేక్‌లతో రాయల్టీల వివాదం కోర్టుకెక్కింది. 2002 ఎడిషన్లలో వాళ్లిద్దరి వాయిద్యాన్నీ తుడిచేసి, రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు. ర్యాండీ రోడ్స్ 1982లోనే పోయాడు. అతని గిటార్ కింద, అతను ఎన్నడూ కలిసి వాయించని మనుషులు వచ్చి చేరారు. పేరు అదే, అట్ట అదే. అభిమానులు భగ్గుమన్నారు, 2011లో అసలు వాయిద్యం తిరిగి వచ్చింది. పాత సీడీల దుకాణంలో ఈ రెండూ తగిలితే వెనక సంవత్సరం చూడకుండా కొనకండి.

ది హూ బ్యాండ్ ‘లైవ్ ఎట్ లీడ్స్’ దగ్గర కొంచెం ఆగాలి. కవర్లూ రీఇష్యూలూ అన్నీ కలిసి ఒకే ఆల్బమ్‌లో దొరుకుతాయి. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో జరిగిన కచేరీ అది. ఎల్పీలో ఆరు పాటలు. వాటిలో మూడు ఇతరులవి: మోస్ ఆలిసన్ ‘యంగ్ మ్యాన్ బ్లూస్’, ఎడ్డీ కాక్రన్ ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’, జానీ కిడ్ ‘షేకిన్ ఆల్ ఓవర్’. ఆలిసన్ పాట పియానో దగ్గర కూర్చుని వ్యంగ్యంగా గొణిగినట్టుంటుంది, నిమిషంన్నర కూడా ఉండదు. హూ దాన్ని తీసుకుని గొంతుకూ వాయిద్యాలకూ మధ్య కొట్లాటగా మార్చారు. రోజర్ డాల్ట్రీ ఒంటరిగా ఒక పాదం పాడతాడు, ముగ్గురూ ఒక్కసారిగా మీద పడతారు, మళ్లీ నిశ్శబ్దం. కవర్ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ముందు ఇదే వినిపిస్తాను.

ఆ ఎల్పీని దొంగ రికార్డులా కనిపించేలా గోధుమరంగు అట్టలో, ముద్ర గుద్దినట్టు వేశారు. రికార్డింగ్‌లో చిటపటలు ఉన్నాయి. వాటిని సరిచేయొద్దని, ఉంటే ఉండనిమ్మని రికార్డు మధ్య లేబుల్ మీద చేత్తో రాసినట్టు అచ్చేశారు. 1995 రీఇష్యూలో కంప్యూటర్ సాయంతో ఆ చిటపటలన్నీ తీసేశారు, పాటలు ఆరు కాస్తా పద్నాలుగయ్యాయి. 2001లో మొత్తం కచేరీ రెండు డిస్కుల్లో వచ్చింది. మధ్యలో వాయించిన ‘టామీ’ని (పాటలతో అల్లిన ఒక పూర్తి కథ) మాత్రం విడదీసి రెండో డిస్కులో పెట్టారు. 2010 సెట్‌లో మరునాడు హల్ నగరంలో జరిగిన కచేరీ కూడా చేర్చారు. అక్కడ మొదటి కొన్ని పాటలకు బేస్ రికార్డు కాలేదు, అందుకని లీడ్స్ టేపు నుంచి జాన్ ఎంట్‌విసిల్ బేస్ తెచ్చి అతికారు. వింటే అతుకు తెలియదు. అంటే ఒక రాత్రి జరిగిన కచేరీలో ఇంకో రాత్రి వాయించిన వేళ్లు వినిపిస్తాయి. ఇది తప్పా అంటే, నేను కాదంటాను. ఎక్కడ అతికారో చెప్పారు కదా. ఆజ్‌బార్న్ ఎడిషన్లకూ దీనికీ తేడా అదే. అయినా పూర్తి కచేరీ ఉండగా కూడా నేను ఎక్కువగా తిప్పేది ఆరు పాటల ఎల్పీనే. ఎవరో ఆలోచించి ఏరిన ఆరు అవి.

రీమిక్స్‌లలో నాకు నిజంగా మేలు చేసినట్టు అనిపించేవి సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసినవి. జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ పాత ఎల్పీ దుప్పటి కప్పినట్టు వినిపించేది. 2011లో వచ్చిన అతని రీమిక్స్‌లో పాటల ఆకారం మారలేదు, దుప్పటి తీసేశాడు. మరోవైపు సొంతవాళ్లు చేసిన కవర్లు ఉన్నాయి. పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ను 2023లో ఆ బ్యాండు పాత సభ్యుడు రోజర్ వాటర్స్ మిగతావాళ్లు లేకుండా మళ్లీ రికార్డు చేశాడు. గిటార్ సోలోలు లేవు, వాటి స్థానంలో అతని గొణుగుడు ఉంది. 1973లో సంగీతం చెప్పిన విషయాన్నే మాటల్లో విడమరచి చెబుతాడు. నాకు ఒకసారికి సరిపోయింది. రోలింగ్ స్టోన్స్ ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ 2010 ఎడిషన్ బోనస్ పాటల్లో పాత టేపుల మీద మిక్ జాగర్ కొత్తగా పాడాడు. బాగానే ఉన్నాయి, కానీ వాటిని 1972 ఖాతాలో వేయలేం.

కట్టలు కట్టలుగా వచ్చే పెద్ద పెట్టెల మీద మోజు పడే ముందు వాటిలో కొన్ని ఎందుకు పుట్టాయో తెలుసుకోవాలి. ఐరోపాలో రికార్డింగుల హక్కు 50 ఏళ్ల నుంచి 70కి పెంచినప్పుడు, 50 ఏళ్లలోపు విడుదల చేసిన వాటికే పెంపు అని నియమం పెట్టారు. దాంతో 2012లో డిలాన్ పాత టేపులను సుమారు వంద ప్రతులు మాత్రమే వేసి విడుదల చేశారు, పేరులోనే ‘కాపీరైట్ ఎక్స్‌టెన్షన్’ అని పెట్టుకున్నారు. 2013 డిసెంబరులో బీటిల్స్ టేపులు ఐట్యూన్స్‌లోకి వచ్చిందీ ఇదే లెక్కతో. ఇక శబ్ద నాణ్యత మీద మోజున్నవాళ్ల కోసం చేసే ఆడియోఫైల్ ఎల్పీల సంగతి: మొబైల్ ఫిడిలిటీ కంపెనీ రికార్డులు పూర్తిగా అనలాగ్ అని నమ్మి జనం భారీ ధరలు పెట్టారు. 2022లో మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది, దావాలు పడ్డాయి. ఏళ్ల తరబడి చెవులతో ఎవరూ కనిపెట్టలేకపోయారు. ధరను బట్టి శబ్దం బాగుంటుందని అనుకునేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను.

సరే, మీ రెండు ఆల్బమ్‌లు. ‘సార్జంట్ పెప్పర్’కు మీకు ఎదురయ్యేవి 1987 సీడీ, 2009 రీమాస్టర్, 2017లో జైల్స్ మార్టిన్ చేసిన రీమిక్స్. 1967లో బీటిల్స్ స్వయంగా కూర్చుని శ్రద్ధ పెట్టింది మోనో మిక్స్ (ఎడమ, కుడి తేడా లేకుండా అంతా ఒకే ధ్వనిగా ఉండేది) మీద. స్టీరియోను తర్వాత నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమరిక్‌లు వాళ్లు లేకుండా తొందరగా ముగించారు. అందుకే పాత స్టీరియోలో గొంతు ఒక పక్క, వాయిద్యాలు ఒక పక్క విడిపోయినట్టు ఉంటాయి, హెడ్‌ఫోన్స్‌లో ఇంకా ఇబ్బంది. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మోనోలో కొంచెం వేగంగా, శ్రుతి పైకి ఉంటుంది, స్టీరియోలో నీరసంగా సాగుతుంది. అప్పట్లో నాలుగు ట్రాకులు నిండగానే వాటిని కుదించి ఇంకో టేపులోకి దించేవారు, దించినప్పుడల్లా శబ్దం కొంత మసకబారేది. జైల్స్ మార్టిన్ ఆ మొదటి టేపుల దాకా వెనక్కి వెళ్లి, తన తండ్రి మోనో మిక్స్‌ను దగ్గర పెట్టుకుని కొత్త స్టీరియో కట్టాడు. మీరు హెడ్‌ఫోన్స్‌లో వింటారని రాశారు కాబట్టి 2017 ఎడిషన్, అందులోనూ ఒకే డిస్కు ఉన్నది చాలు. మోనో ఎప్పుడైనా చవగ్గా దొరికితే వదలకండి. 1987 సీడీ జోలికి పోవద్దు.

‘మెషీన్ హెడ్’కు నా సలహా దీనికి వ్యతిరేకం. దాని 1972 మిక్స్‌లో సరిచేయాల్సిన లోపం నాకేమీ కనిపించదు. రిచీ బ్లాక్‌మోర్ గిటార్, జాన్ లార్డ్ ఆర్గాన్ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే జంతువులా గర్జిస్తాయి, విడదీస్తే ఆ బలం పోతుంది. 1997లో ఆ బ్యాండు బేస్ వాద్యకారుడు రోజర్ గ్లోవర్ రీమిక్స్ చేశాడు. 2024లో డ్వీజిల్ జప్పా ఇంకోటి చేశాడు. ఈ రెండోదాని వెనక చక్కని కథ ఉంది. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా కాసినో తగలబడింది, సరస్సు మీద కమ్మిన ఆ పొగ చూసే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పుట్టింది. అప్పటికి రెండేళ్ల పిల్లాడైన ఫ్రాంక్ కొడుకు యాభై ఏళ్ల తర్వాత ఆ పాటకు మిక్స్ కట్టాడు. కథ కోసం ఒకసారి స్ట్రీమింగ్‌లో వినండి. కొనేది మాత్రం పాత మిక్స్ ఉన్న సీడీ, ఎంత పాతదైతే అంత మంచిది.

మీ దగ్గర టర్న్‌టేబుల్ ఉందో లేదో రాయలేదు. ఉంటే కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) ఏదో చెప్పండి, ఎల్పీల గురించి విడిగా రాస్తాను. పాత రికార్డుల వాళ్ల దగ్గర కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన మన దేశపు ప్రెస్సింగులు దొరుకుతుంటాయి, వాటిలో మంచివి ఉన్నాయి. కానీ చాలావాటిని బరువైన ముళ్లతో అరగదీసి ఉంటారు. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని గాళ్లు తెల్లబడ్డాయేమో చూసి, దుకాణంలోనే ఒక పక్క చివరి పాట వినిపించమని అడగండి. లోపలి గాళ్లే ముందు పాడవుతాయి.